ఎల్ఎల్ఎం టాక్సేషన్: గుంటూరు, విజయవాడల్లోనే ప్రాక్టీసు పెట్టదలచినవారికి ఏది మేలు?

ముందే తేల్చి చెబుతాను. గుంటూరులోనో విజయవాడలోనో ఉండి పన్నుల కేసులు చూసుకుంటామనే కొత్త న్యాయవాదులకు నా ఓటు దగ్గరలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో చేసే రెండేళ్ళ ఎల్ఎల్ఎంకే, అంటే న్యాయశాస్త్రంలో పీజీకే. దానికి తోడు ఒక మంచి పన్నుల ఆఫీసులో కూర్చోవాలి. జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలో ఏడాది కోర్సు రెండో స్థానం, కొందరికి మొదటిది కూడా కావచ్చు. ‘టాక్సేషన్ స్పెషలైజేషన్’ అని రంగురంగుల పుస్తకం అచ్చువేసి లక్షల్లో ఫీజు అడిగే కోర్సులన్నీ ఒకటి కావు కానీ, మేము చూసి వచ్చిన ఒక ప్రైవేటు కోర్సుకు మాత్రం నేను మార్కులు వేయలేను.

నేను గుంటూరు బ్రాడీపేటలో పన్నుల న్యాయవాదిగా ప్రాక్టీసు చేస్తాను. జీఎస్టీకి ముందున్న వ్యాట్ రోజుల నుంచి ఇదే పని. ఈమధ్య మా చెల్లెలి కూతురు ఎల్ఎల్‌బీ ముగించి, “పెద్దమ్మా, నాకు హైదరాబాదు వద్దు, బెంగళూరు వద్దు, ఇక్కడే ఉంటాను. ఎల్ఎల్ఎం ఎక్కడ చేయమంటావు?” అని అడిగింది. వాళ్ళ అమ్మకు పేరున్న చోట చేర్చాలని ఉంది. నాకేమో ఆఫీసుకు వచ్చే జూనియర్లను చూసీ చూసీ వేరే లెక్కలున్నాయి. ఇద్దరం కలిసి కొన్ని చోట్లకు వెళ్ళాం, సిలబస్ కాగితాలు తెచ్చి ముందేసుకున్నాం. ఆ పరిశీలనే ఇది. అడిగిన ప్రశ్న ఒక్కటే: చదివాక ఈ రెండు ఊళ్ళ మధ్య పని దొరుకుతుందా?

మొదట ఒక భ్రమ తీసేయాలి. ఎల్ఎల్ఎం పట్టా మీకు కొత్తగా ఏ అధికారమూ ఇవ్వదు. పన్ను అధికారి ముందు ఎవరు హాజరు కావచ్చో జీఎస్టీ చట్టం 116వ సెక్షన్ చెబుతుంది. న్యాయవాది, చార్టర్డ్ అకౌంటెంట్, కాస్ట్ అకౌంటెంట్, కంపెనీ సెక్రటరీ, పన్నుల శాఖలో పనిచేసి రిటైరైన గెజిటెడ్ అధికారి, జీఎస్టీ ప్రాక్టీషనర్, ఆఖరికి వ్యాపారి బంధువు కూడా. ఆదాయపు పన్నులోనూ ఇలాంటి జాబితానే ఉంది. ఇందులో ఎక్కడా ఎల్ఎల్ఎం ఊసు లేదు. పైగా మన వ్యాపారికి నోటీసు వస్తే మొదట ఫోను వెళ్ళేది ఆడిటరు గారికి. న్యాయవాది గుర్తొచ్చేది వ్యవహారం ముదిరాకే.

అలా ముదిరినప్పుడే మన పని మొదలవుతుంది. ఆడిటరు గారు ట్రిబ్యునల్ దాకా వాదించగలరు, హైకోర్టులో వాదించలేరు. రిట్ పిటిషను (అధికారి చర్యను నేరుగా హైకోర్టులో సవాలు చేసే అర్జీ) రాయడం, చట్టంలోని ప్రశ్నను వాస్తవాల నుంచి విడదీసి చూపించడం, పాత తీర్పు ఈ కేసుకు ఎందుకు వర్తించదో చెప్పడం, ఇవీ న్యాయవాది దగ్గర కొనుక్కునే వస్తువులు. ఎల్ఎల్ఎం ఈ మూడింటిలో ఒక్కటైనా నేర్పితే డబ్బు గిట్టినట్టు. రిటర్నులు దాఖలు చేయడం నేర్చుకోవడానికి ఎల్ఎల్ఎం అక్కర్లేదు. అరండల్‌పేటలో ఏ ఆఫీసులో కూర్చున్నా కొద్ది నెలల్లో వస్తుంది.

ఇక ఏ కేసు ఎక్కడ నడుస్తుందో చూడాలి. కాలేజీ ఎంపికలో దీన్ని ఎవరూ పట్టించుకోరు, నేను మాత్రం మొదట ఇదే చూస్తాను. మన రాష్ట్రానికి విడి హైకోర్టు 2019 జనవరి 1న మొదలైంది, ఇప్పుడు అమరావతిలో, నేలపాడులో ఉంది. అంతకుముందు మన ఫైళ్ళన్నీ హైదరాబాదు వెళ్ళేవి. అక్కడి సీనియర్లకు అప్పగించి, వాయిదా తేదీ కోసం ఫోను పట్టుకుని కూర్చునేవాళ్ళం. ఇప్పుడు పొద్దున్నే బయలుదేరి వాదన వినిపించి సాయంత్రానికి ఆఫీసు తీయవచ్చు. కస్టమ్స్, పాత ఎక్సైజు, సర్వీస్ టాక్స్ అప్పీళ్ళ ట్రిబ్యునల్‌కు మనం ఇప్పటికీ హైదరాబాదే వెళ్ళాలి. ఆదాయపు పన్ను ట్రిబ్యునల్‌కు విశాఖపట్నం బెంచి. ఆదాయపు పన్నులో మొదటి అప్పీలుకు చాలా కేసుల్లో మనిషి ముఖమే కనిపించదు, 2020 నుంచి అంతా కంప్యూటర్‌లోనే. అక్కడ నోటి మాటకంటే రాసి పంపిన కాగితమే వాదిస్తుంది.

అన్నిటికంటే పెద్ద మార్పు జీఎస్టీ అప్పిలేట్ ట్రిబ్యునల్. జీఎస్టీ 2017 జూలై 1న వచ్చింది. ట్రిబ్యునల్‌ను లాంఛనంగా ప్రారంభించింది 2025 సెప్టెంబరు 24న. మధ్యలో అన్నేళ్ళూ మొదటి అప్పీలులో ఓడిపోయిన వ్యాపారికి వెళ్ళే చోటే లేదు. ట్రిబ్యునల్ లేదు కాబట్టి దయచేసి మీరే వినండి అంటూ హైకోర్టుకు రిట్లు వేసేవాళ్ళం. ఇప్పుడు మన రాష్ట్ర బెంచికి విశాఖపట్నంతోపాటు విజయవాడను కూడా స్థానంగా ప్రకటించారు. అంటే గుంటూరు మిర్చి వ్యాపారి కేసు, ఆటోనగర్ స్పేర్ పార్టుల వ్యాపారి కేసు ఇంటి దగ్గరే నడిచే రోజులివి. అప్పీలుకు మూడు నెలల గడువు. వివాదంలో ఉన్న పన్నులో మొదటి అప్పీలులో కట్టిన పది శాతానికి అదనంగా ఇక్కడ మరో పది శాతం ముందే కట్టాలి. ఇన్నేళ్ళుగా పేరుకుపోయిన ఫైళ్ళను తిరగేసి, అప్పీలు మెమో రాసి, పేపర్ బుక్ (కేసు కాగితాల సంపుటి) కట్టి, పోర్టల్‌లో ఎక్కించగల జూనియర్లు కావాలి. నాకే కావాలి. విజయవాడ గవర్నర్‌పేట, సూర్యారావుపేటల్లో నాకు తెలిసిన సీనియర్లు కూడా ఇదే మాట అంటున్నారు. అందుకే ఉద్యోగావకాశాల మాట వచ్చినప్పుడు నేను ఏ కాలేజీ ప్లేస్‌మెంటు పట్టికనూ చూడను.

ఇక ఒక్కో కోర్సు సంగతి.

రాష్ట్ర విశ్వవిద్యాలయాలతో మొదలుపెడతాను. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం 1976 నుంచి గుంటూరు, విజయవాడల మధ్య జాతీయ రహదారి పక్కనే ఉంది. బస్సు దిగితే క్యాంపస్. ఈ రెండు ఊళ్ళ పిల్లలకు ఇంతకంటే అనువైన చోటు లేదు. ప్రవేశం ఏపీ పీజీఎల్‌సెట్ ద్వారా: 120 ప్రశ్నలు, 90 నిమిషాలు. జ్యూరిస్‌ప్రుడెన్స్ (న్యాయ సిద్ధాంతం), రాజ్యాంగం, వాణిజ్య చట్టం, కార్మిక చట్టం, నేరాలు, టార్టులు (నష్టపరిహారం కోరదగిన పౌర తప్పిదాలు), మేధో సంపత్తి, ఇలా అడుగుతారు. పన్నులకు ప్రత్యేక విభాగం ఉండదు. కోర్సులోనూ అంతే. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో పన్నుల చట్టం పేరిట విడి శాఖ అరుదు. సాధారణంగా వాణిజ్య చట్టాల శాఖలో అదొక పేపరు. ఇది లోపమే, దాచను. కానీ రెండేళ్ళ వ్యవధి ఉంది, ఫీజు ప్రైవేటుతో పోలిస్తే తేలిక, తరగతులు ముగిశాక అరగంటలోనో గంటలోనో ఆఫీసుకు చేరుకోవచ్చు. పేపరులో లేనిదాన్ని ఫైలు నేర్పుతుంది. బార్ కౌన్సిల్‌లో పేరు నమోదైనవారు కోర్సు, ప్రాక్టీసు రెండూ ఒకేసారి నడిపేముందు నిబంధనలు అడిగి రాతపూర్వకంగా తెలుసుకోవడం మంచిది.

ఇక్కడ పరిశోధన వ్యాసమే అసలు పెట్టుబడి. చాలామంది దాన్ని చివరి సెమిస్టరులో ఎవరిదో చూసి అతికించి ఇచ్చేస్తారు. పన్ను ఎగవేతకు, పన్ను ప్రణాళికకు తేడా అనే అంశం మీద ఎన్ని వ్యాసాలు చదివానో! మన కాళ్ళ కింద ఉన్న అంశాలు ఎవరికీ కనబడవు. అమరావతి భూసమీకరణను తీసుకోండి. రాజధానికి భూమి ఇచ్చిన రైతు కోసమే ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ 10(37ఏ) చేర్చారు. 2014 జూన్ 2 నాటికి ఆ భూమి తన పేరున ఉన్న వ్యక్తికి, హిందూ అవిభక్త కుటుంబానికి మూలధన లాభం మీద పన్ను మినహాయింపు అది. ఆ తేదీ తరవాత కొన్నవారికి అది లేదు. ఇచ్చిన భూమికి బదులుగా తిరిగి వచ్చిన ప్లాటును ఎప్పటిలోగా అమ్మితే మినహాయింపు దక్కుతుందన్నది కూడా స్వాధీనం ఇచ్చిన తేదీని బట్టి లెక్క. ఒక రాష్ట్ర రాజధాని రైతుల కోసం పార్లమెంటు రాసిన సెక్షను ఇది. తుళ్ళూరు, మందడం కుటుంబాల్లో దీనిమీద సందేహాలు ఇంకా వస్తూనే ఉన్నాయి. దీనిమీద నికరంగా ఒక వ్యాసం రాసిన అమ్మాయికి రాజధాని ప్రాంతంలో కక్షిదారులను వెతుక్కోవలసిన పని ఉండదు.

మిర్చి యార్డు ఇంకొకటి. రైతు తన పంట అమ్ముకుంటే జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. వ్యాపారి చేతికి వచ్చాక ఎండు మిర్చికి అయిదు శాతం. మధ్యలో ఉన్న కమీషన్ ఏజెంటు ఎవరు? సరుకు అమ్మినవాడా, అమ్మిపెట్టినవాడా? బిల్లు ఎవరి పేరున ఇచ్చారన్నదే గీటురాయి అని 2018లోనే కేంద్రం ఒక సర్క్యులర్‌లో వివరించింది. యార్డులో రోజువారీ లావాదేవీలకు దాన్ని ఎలా అన్వయించాలో తెలిసిన కొత్తవాళ్ళు నాకు పెద్దగా తారసపడలేదు. పత్తి జిన్నింగ్ మిల్లుకు రైతు దగ్గర కొన్న పత్తి మీద రివర్స్ ఛార్జి, అంటే అమ్మినవాడు కాక కొన్నవాడే పన్ను కట్టాలి. పొగాకు ఆకుకూ అదే పద్ధతి. పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం ఉన్న ఊరు మనది! ఇవన్నీ మన ఊరి పాఠాలు, ఏ జాతీయ సిలబస్‌లోనూ వీటికి విడిగా ఒక యూనిట్ దొరకదు.

జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల సంగతికి వస్తే, మనకు అందుబాటులో ఉన్నవి రెండు: విశాఖ దగ్గర సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం, హైదరాబాదు దగ్గర శామీర్‌పేటలోని నల్సార్. ప్రవేశం క్లాట్ పీజీ ద్వారా. 120 ప్రశ్నలు, రెండు గంటలు, తప్పుకు పావు మార్కు కోత. ఆ సిలబస్‌లో పన్నుల చట్టం పేరు విడిగా ఉంటుంది, అది నాకు నచ్చింది. ఏడాదిలో పట్టా చేతికొస్తుంది. గ్రంథాలయం, రాసే క్రమశిక్షణ, తీర్పును మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివించే అలవాటు, ఈ విషయాల్లో వీటికి సాటి మన దగ్గర లేదు. అయితే ఏడాది చూస్తుండగానే అయిపోతుంది. సగం కాలం వ్యాసానికే పోతుంది. క్యాంపస్ నియామకాల హడావిడి ఎక్కువగా అయిదేళ్ళ కోర్సు పిల్లల కోసం, అదీ పెద్ద నగరాల సంస్థల నుంచి. మన ఊరికి తిరిగి వచ్చేవారికి అది ఉపయోగపడదు. తిరిగి వచ్చాక మళ్ళీ ఆఫీసులో మొదటి మెట్టు నుంచే మొదలుపెట్టాలి.

సబ్బవరానికి నేను ఒక మార్కు ఎక్కువ వేస్తాను. విశాఖలో ఆదాయపు పన్ను ట్రిబ్యునల్ బెంచి ఉంది. సెలవు దొరికినప్పుడల్లా వెళ్ళి వెనక బెంచీలో కూర్చుని వింటే, గుంటూరు, విజయవాడ కేసులే అక్కడ నడుస్తుంటాయి. ఆదాయపు పన్ను మీదే మనసున్న పిల్లలు అటే వెళ్ళాలని నేనూ అంటాను. నల్సార్ నుంచి వచ్చినవారు హైదరాబాదులో ఆగిపోవడమే నేను ఎక్కువగా చూశాను. అందులో తప్పేమీ లేదు, మా అమ్మాయి ప్రశ్న అది కాదు, అంతే.

ఇప్పుడు మేము చూసి వచ్చిన ఆ ప్రైవేటు ‘టాక్సేషన్ ఎల్ఎల్ఎం’. పేరు రాయను. గేటు దగ్గర నుంచే చల్లగా ఉంది. కౌన్సెలింగ్ అమ్మాయి ఎంతో మర్యాదగా కాఫీ ఇప్పించింది, “నూరు శాతం ప్లేస్‌మెంట్ మేడమ్” అంది. పోయిన ఏడాది ఎల్ఎల్ఎం వాళ్ళలో ఎంతమంది, ఎక్కడ చేరారు అని అడిగితే, ఎంబీఏ వాళ్ళ ఫొటోలున్న గోడ చూపించింది. విద్యార్థులు వాదనలు సాధన చేసే మూట్ కోర్టు హాలుకు తాళం వేసి ఉంది. సిలబస్ తెప్పించుకుని చూస్తే పరోక్ష పన్నుల పేపరులో ఒక యూనిట్ మొత్తం సర్వీస్ టాక్స్ నెగెటివ్ లిస్టు (పన్ను పడని సేవల జాబితా) మీద ఉంది. అది 2012లో వచ్చి 2017లో పోయింది! చరిత్రగా చెబితే సరే, కానీ జీఎస్టీకి మిగిలింది రెండు యూనిట్లే. ప్రత్యక్ష పన్నుల్లో ఇంకా 1961 చట్టమే. కొత్త ఆదాయపు పన్ను చట్టం గురించి అడిగితే, “అధ్యాపకులు అప్‌డేట్ చేస్తారు మేడమ్” అంది. ఈరోజే చేరితే ఫీజులో తగ్గింపు ఇస్తామని మెట్లు దిగుతున్నప్పుడు కూడా చెప్పింది. మా చెల్లెలికి ఆ భవనం బాగా నచ్చింది.

ఆ కొత్త చట్టం సంగతి చిన్నది కాదు. ఆదాయపు పన్ను చట్టం, 2025కు ఆ ఏడాది ఆగస్టులో రాష్ట్రపతి ఆమోదం దొరికింది, 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు. మొత్తం 536 సెక్షన్లు. ‘గత సంవత్సరం’, ‘అసెస్‌మెంట్ సంవత్సరం’ పోయి ‘పన్ను సంవత్సరం’ ఒక్కటే మిగిలింది. పాత ఏడాదుల కేసులు పాత చట్టం కిందే నడుస్తాయి కాబట్టి ఇంకా చాలాకాలం రెండు చట్టాలూ చేతిలో ఉండాలి. మాలాంటివాళ్ళకు పాత సెక్షన్ల నంబర్లు నోటికి వచ్చు, కొత్తవి తడుముకోవాలి. ఇప్పుడు చదివే పిల్లలకు ఇది అరుదైన అవకాశం, సీనియర్ కంటే వాళ్ళే ముందుండవచ్చు. రెండు చట్టాలనూ పక్కపక్కన పెట్టి బోధించే అధ్యాపకులు ఉన్నారంటే నేను భవనం గురించి అడగను.

నా దగ్గరకు ఉద్యోగానికి వచ్చేవారికి నేను ఇచ్చే పరీక్ష కూడా చెబుతాను. కక్షిదారు పేరు కొట్టేసిన షోకాజ్ నోటీసు ఒకటి చేతికిస్తాను, జవాబు రాయమంటాను. మొదట చూడవలసింది అది ఏ సెక్షన్ కింద వచ్చింది, ఏ ఆర్థిక సంవత్సరానిది, గడువులో ఇచ్చారా అన్నవి. 2023-24 దాకా అయితే జీఎస్టీ చట్టం 73, 74 సెక్షన్లు. 2024-25 నుంచి 74ఏ, దానికి వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి నోటీసుకు 42 నెలలు. ఒక ఎల్ఎల్ఎం అబ్బాయి రెండు పేజీల నిండా ఆడమ్ స్మిత్ పన్ను సూత్రాలు రాసి ఇచ్చాడు. చేతిరాత చాలా బాగుంది. ఇంకో అమ్మాయి, విశ్వవిద్యాలయం పేరు నేనెప్పుడూ వినలేదు, ఒకే పేరాలో గడువు దాటిపోయిందని తేల్చి, మిగిలిన విషయాల మీద జవాబు ఇచ్చే హక్కును అట్టిపెట్టుకుంటున్నామని రాసింది. ఆమె ఇప్పుడు మా ఆఫీసులోనే ఉంది.

ఆన్‌లైన్, దూరవిద్య ఎల్ఎల్ఎంల గురించి ఎక్కువ చెప్పను. అనుమతి లేకుండా నడిచే అలాంటి కోర్సుల మీద బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2025లో గట్టిగానే హెచ్చరించింది. జ్ఞానానికి డిప్లొమా చేస్తే సరే, పట్టా అనుకుని చేరవద్దు. అధ్యాపక వృత్తి మనసులో ఉన్నవారు మరీ జాగ్రత్త: సాధారణంగా ఎల్ఎల్ఎంలో 55 శాతం, ఆపైన నెట్ లాంటి అధ్యాపక అర్హత పరీక్ష కావాలి, అక్కడ పట్టా గుర్తింపే ప్రాణం. గ్రూప్-1 రాసి రాష్ట్ర పన్నుల శాఖలో చేరాలనుకునేవారికి మామూలు డిగ్రీ చాలు, దానికోసం ఎల్ఎల్ఎం చేయడం దండగ. ఆడిటరు గారి సంస్థలో పూర్తికాలం నెలజీతానికి చేరితే న్యాయవాదిగా ప్రాక్టీసు ఆపుకోవాలి, బార్ కౌన్సిల్ నియమం అది. జీతం బాగుంది కదా అని చేరేముందు ఇది ఆలోచించుకోవాలి.

మా అమ్మాయి పీజీఎల్‌సెట్, క్లాట్ పీజీ రెండూ రాస్తానంది. సబ్బవరం వస్తే అటు వెళ్తుందట. ట్రిబ్యునల్ మాట చెప్పింది నేనే కాబట్టి కాదనలేకపోయాను. రాకపోతే నాగార్జున, మధ్యాహ్నాలు మా ఆఫీసు. వాళ్ళ అమ్మ ఇంకా ఆ చల్లటి భవనం గురించే మాట్లాడుతోంది.

ఎక్కడ చేరినా ఫీజు కట్టేముందు మూడు కాగితాలు అడిగి తీసుకోండి: ఈ ఏడాది అమలులో ఉన్న సిలబస్, గత రెండేళ్ళ పరిశోధన వ్యాసాల అంశాల జాబితా, పన్నుల పేపర్లు చెప్పేవారి పేర్లు. గ్రంథాలయంలో తీర్పులు వెతికే ఎస్‌సీసీ ఆన్‌లైనో టాక్స్‌మనో విద్యార్థి లాగిన్‌తో తెరుచుకుంటుందా అని అక్కడే కూర్చుని చూడండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర ఉంచుకుంటామంటే ఇవ్వకండి. సరిచూసుకుని తిరిగి ఇచ్చేయాలన్నది యూజీసీ నిబంధన.